పనస పిందె: ఏది ఉంచాలి, ఏది తీయాలి

పిందెలు పలచన చేయడమంటే చెట్టుకు పట్టిన పిందెల్లో కొన్నిటిని ముందే తీసేసి, వాటికి పోవాల్సిన తిండి మిగిలినవాటికి అందేలా చూడడం. చెప్పడానికి ఇంతే. ఏవి తీయాలి, ఎప్పుడు తీయాలి అన్న దగ్గరే చిక్కంతా ఉంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సముద్రం పొడవునా సాగే ఉద్దానంలో ఈ చిక్కు ఏటా సంక్రాంతి దాటాక పనస చెట్టు కింద ఎదురవుతుంది. ఉద్యానవనం అన్న మాటే అరిగి ఉద్దానం అయిందంటారు. పేరుకు తగ్గట్టే ఇక్కడ కొబ్బరి, జీడి, మామిడి, పనస కలిసిమెలిసి పెరుగుతాయి. ఈ నాలుగింటిలో మనిషి చెయ్యి పెట్టి పిందె తీయాల్సిన అవసరం పనసకే ఎక్కువ.

మిగిలిన మూడూ ఆ పని తామే చేసుకుంటాయి. కొబ్బరి దాదాపు నెలకో గెల వేస్తుంది. గెలలోని ఆడపూలు పిందె కట్టిన మొదటి రెండు నెలల్లోనే సగానికి పైగా రాలిపోతాయి. చెట్టు మొదలు చుట్టూ ఇసుకలో పడి ఉండే ఆ గుండీలంత పిందెలను ఉద్దానంలో ఎవరూ వింతగా చూడరు. జీడి పూగుత్తిలో వందల పూలు విచ్చుకున్నా వాటిలో ఎక్కువ మగవే. చివరికి పిక్క పట్టేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మామిడి ఆవగింజంతప్పుడు కొన్ని, బఠాణీ అంతప్పుడు కొన్ని, నిమ్మకాయంతప్పుడు మరికొన్ని, ఇలా విడతల వారీగా రాలుస్తుంది. ఈ మూడు చెట్లలో కాయ చిన్నది, సంఖ్య పెద్దది. ఒకటి ఎక్కువైనా తక్కువైనా చెట్టుకు పెద్దగా పట్టదు. పనసకు అలా కాదు. ఒక్కో కాయా ఒక్కో పెద్ద ఖర్చు.

ఎంత ఖర్చో లెక్క వేసుకోవచ్చు. పది కిలోల పనసకాయలో ముప్పాతిక వంతు నీరు పోతే మిగిలే సరుకు రెండున్నర కిలోలు. పిందె నుంచి పండు దాకా అయిదు నెలలు అనుకుంటే, ఆ ఒక్క కాయ కోసం ఆకులు రోజుకు సగటున పదిహేడు గ్రాముల సరుకు తయారుచేసి పంపాలి. ఇరవై కాయలుంటే రోజుకు మూడు వందల గ్రాముల పైమాటే. నలభై పిందెలు పట్టినంత మాత్రాన ఆకులు రెట్టింపు కావు. వచ్చే తిండి అంతే, పంచుకునే నోళ్లు పెరుగుతాయి. అప్పుడు చెట్టు ముందు మూడు దారులుంటాయి: కొన్నిటిని రాల్చేయడం, అన్నిటినీ చిన్నగానే ఆపేయడం, లేదా తన మానులో దాచుకున్న పిండిపదార్థం కరిగించి ఈ ఏడు గట్టెక్కి, వచ్చే ఏడు కాపు ఎగ్గొట్టడం. చాలా చెట్లు మూడింటినీ కొంచెం కొంచెం చేస్తాయి.

ఎవరూ ముట్టుకోకుండా చెట్టే రాల్చేటప్పుడు జరిగేది తెలుసుకుంటే మనిషి చేసే పని సులువవుతుంది. పిందెలో ఎదుగుతున్న గింజలు ఆక్సిన్ అనే హార్మోనును తయారుచేసి తొడిమ గుండా వెనక్కి పంపుతుంటాయి. అది వస్తున్నంత కాలం తొడిమ మొదట్లో ఉండే పలచని కణాల పొర గట్టిగా ఉంటుంది. గింజలు సరిగా పట్టకపోయినా, పిందెకు తిండి తగ్గినా ఆ ప్రవాహం సన్నగిల్లుతుంది. వెంటనే ఇథిలీన్ అనే వాయువుది పైచేయి అవుతుంది, ఆ పొర వదులవుతుంది, పిందె ఊడిపడుతుంది. ముందు పుట్టిన పిందె ఈ పోటీలో ఒక అడుగు ముందుంటుంది. దాని నుంచి వచ్చే ఆక్సిన్ ప్రవాహం వెనక పుట్టినవాటి ప్రవాహాన్ని అణచిపెడుతుంది. పిందెల మధ్య నడిచే పోటీ తిండి కోసమే అనుకుంటాం గానీ, ఈ కబురు పంపుకోవడం కూడా అందులో భాగమే.

గుమ్మడి తీగ మీద ఒకే ఒక్క కాయ

ఏ పిందె ఉంచాలన్న ప్రశ్నను ప్రపంచంలో అందరికంటే తెగించి అడిగినవాళ్లు రాక్షసి గుమ్మడికాయలు పెంచేవాళ్లు. అమెరికా, కెనడా, యూరప్ దేశాల్లో ఏటా శరత్కాలంలో ఈ కాయలకు తూకం పోటీలు జరుగుతాయి. 2023 అక్టోబరులో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీలో నెగ్గిన కాయ 1,247 కిలోలు తూగింది. చిన్న కారు బరువు. ఈ రకం విత్తనాలకు మూలం కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి ఎంపిక చేసి తీసిన అట్లాంటిక్ జెయింట్. విత్తనం గొప్పదే. కానీ పోటీకి దిగేవాళ్లు చేసే అసలు పని తీగ మీది పిందెల్లో ఒక్కటి తప్ప అన్నిటినీ కోసేయడం.

ఒక్క తీగకు దాదాపు రెండు సెంట్ల నేల వదులుతారు. మొదలుకు మరీ దగ్గరగా పట్టిన పిందెను ఉంచరు, ఎందుకంటే దాని వెనక ఆకులు చాలినన్ని ఉండవు. పైగా కాయ ఉబ్బేకొద్దీ మొదలునే పైకి లేపి తీగను విరిచేస్తుంది. అసలు తీగ మీద మూడు నాలుగు మీటర్ల దూరంలో పట్టినవాటికి మొగ్గు చూపుతారు. తొడిమ తీగకు అడ్డంగా, మూల మట్టం పెట్టినట్టు నిలిస్తే మంచిది. తీగను ఒరుసుకునే కోణంలో ఉంటే, కాయ భుజం పెరిగి తొడిమను తుంచేస్తుంది. ఇలా రెండు మూడు పిందెలను ఏరి, ఒకటి రెండు వారాలు రోజూ కొలుస్తారు. ఇవాళ ఏది పెద్దదన్నది వాళ్ల ప్రశ్న కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏది ఎక్కువ పెరిగిందన్నది చూస్తారు. వేగంగా పెరిగేది ఉంటుంది, మిగతావి పోతాయి. ఉన్నది ఊపందుకున్నాక రోజుకు పదిహేను, ఇరవై కిలోలు పెరిగే రోజులు కూడా ఉంటాయి.

ఈ రాక్షసి గుమ్మడి మీద హార్వర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన పని ఒకటి 2015లో వెలువడింది. అంత పెద్ద కాయ కాయాలంటే ఆకులు మామూలు గుమ్మడి ఆకుల కంటే ఎక్కువ చక్కెర తయారుచేస్తుండాలని ఎవరికైనా తోస్తుంది. ఆకుల్లో అలాంటి తేడా కనబడలేదు. తేడా దారిలో ఉంది. చక్కెరను మోసుకెళ్లే పోషక నాళాలు, అంటే ఫ్లోయమ్, ఆకు కాడలోనూ కాయ తొడిమలోనూ రాక్షసి రకానికి ఎక్కువ. వంట అదే, వడ్డించే దారి వెడల్పయింది. ఏ పిందె ఉంచాలన్న ప్రశ్నకు సంబంధించినంత వరకు దీని అర్థం ఒకటే: ముందు కాయను కాదు, తొడిమను చూడాలి. పనస దగ్గరకు వచ్చినా ఈ మాట నిలుస్తుంది. గుమ్మడి నుంచి పనసకు తెచ్చుకోదగ్గది కూడా దాదాపు ఇదొక్కటే. తక్కినది తేవడం ప్రమాదం. గుమ్మడి తీగ ఒక్క వేసవి బతికి చచ్చిపోతుంది. దాని దగ్గర ఉన్నదంతా ఒక కాయలోకి పిండినా నష్టం లేదు. పనస చెట్టు తాత నాటితే మనవడు కోసుకునేది.

మాను మీది పూత

పనస మానునే, లావు కొమ్మలనే పట్టుకుని కాస్తుంది. చెట్టు ముసలిదయ్యేకొద్దీ కాపు కిందికి దిగి, ఒక్కోసారి నేలకు తగిలేలా మొదట్లోనే కాయ పడుతుంది. వేరు పనస అనేది దాన్నే. చెట్లకు కాసే పండ్లన్నిటిలోకీ పెద్దది పనసపండే. గిన్నిస్ పుస్తకంలోకెక్కిన 2016 నాటి పుణె కాయ 42.72 కిలోలు తూగింది. ఇంత బరువును రెమ్మ చివర వేలాడదీయడం కుదరదు కాబట్టే మాను మీద పూస్తుందని చెబితే నచ్చుతుంది. కానీ మాను మీద పూసి చిన్న కాయలు కాసే మేడి కూడా ఈ కుటుంబానిదే. మాను మీద పూసే గుణం ముందు వచ్చి, కాయ పెరగడానికి ఆ తరువాత వీలు కలిగిందనుకోవడమే సబబు.

ఒకే చెట్టు మీద మగ కంకులు, ఆడ కంకులు విడివిడిగా పుడతాయి. రెండూ ఆకు తొడుగులో చుట్టుకుని ఉంటాయి, తొడుగు చీలి బయటపడ్డప్పుడు చూపుకు ఒకలాగే ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫిబ్రవరిలో చెట్టు కింద బొటనవేలంత, వేలెడంత నల్లటి బూజు పట్టిన పిందెలు కుప్పలుగా కనబడతాయి. పిందెలన్నీ కుళ్లి రాలిపోతున్నాయని మందు కోసం పరిగెత్తే రైతులు ఉన్నారు. రాలినవాటిలో చాలా వరకు మగ కంకులే. పుప్పొడి ఇచ్చేశాక వాటి పని అయిపోయింది. బూజు పట్టి రాలడం వాటి రాత. చేతిలోకి తీసుకుని చూస్తే తేడా తెలుస్తుంది. మగ కంకి సన్నని కాడ మీద నిలిచి, నున్నగా, పుప్పొడి రాలేప్పుడు పసుపు దుమ్ము పూసినట్టుంటుంది. ఆడ కంకి కాడ లావు; కాడ కంకిని కలిసే చోట ఉంగరం తొడిగినట్టు చిన్న కట్టు ఉంటుంది; ఒంటి మీద వేలు రాస్తే గరుకుగా, కీలాగ్రాలు పొడుచుకొచ్చి తగులుతాయి. పలచన చేయడంలో మొదటి మెట్టు ఈ గుర్తింపే. మగ కంకులను పిందెలనుకుని లెక్కేసినవాడికి చెట్టు ఎప్పుడూ విరగకాసినట్టే కనబడుతుంది, ఎప్పుడూ మోసం చేసినట్టే ఉంటుంది.

ఆ బూజుకూ ఓ ప్రయోజనం ఉంది. పనస పూతను గాలే కలుపుతుందని చాలా కాలం అనుకున్నారు. 2018లో వెలువడిన ఒక పరిశోధన వేరే కథ చెప్పింది. వరిలో ఉల్లికోడు తెచ్చే ఈగ కుటుంబానికే చెందిన ఒక నలుసంత ఈగ మగ కంకుల మీది బూజులో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు అక్కడే పెరుగుతాయి. మగ కంకి వాసన లాంటిదే ఆడ కంకి నుంచీ వస్తుంది. అక్కడ ఈగకు దక్కేదేమీ లేదు గానీ, వాసనకు మోసపోయి వెళ్లి ఒంటినంటిన పుప్పొడిని వదిలి వస్తుంది. పూత సమయంలో బూజు చూసి భయపడి చెట్టంతా మందు కొట్టేస్తే, కాయ కట్టించే ఈ కూలీని కూడా తరిమేసినట్టే.

పనసకాయ ఒక్క కాయ కాదు. వందల పూలు ఒకే బొండు చుట్టూ అతుక్కుని కలిసి పెరిగిన గుంపు. పుప్పొడి అందిన ప్రతి పూవూ ఒక తొన అవుతుంది, దాని లోపల ఒక పిక్క ఉంటుంది. పుప్పొడి అందని పూలు తొనల మధ్య పీచుగా మిగిలిపోతాయి. పైన ఒక్కో ముల్లు ఒక్కో పూవు కొస. అంటే ఒక కాయలో ఎన్ని తొనలుండాలో పూత కలిసిన ఆ కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. తరువాత ఎరువు వేసినా, నీరు పెట్టినా, పక్క పిందెలన్నీ తీసేసినా ఒక్క తొన పెరగదు. పిందెలు తీయడం వల్ల మిగిలిన కాయలో తొన లావెక్కుతుంది, కండ పడుతుంది, కొంత తీపి పెరుగుతుంది. సంఖ్య మారదు.

ఈ ఒక్క సంగతి ఎంపికలో సగం తేల్చేస్తుంది. ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క నొక్కుకుపోయి, నడుం దగ్గర పిసికినట్టున్న పిందెను ఎంత మేపినా బాగుపడదు. నొక్కుకుపోయిన చోట ముళ్లు దగ్గరదగ్గరగా, బిగుసుకుని ఉంటాయి. దాని వెనక తొన లేదు, పీచే. ఉబ్బిన చోట ముళ్ల మధ్య ఎడం ఉంటుంది. వేలితో ముళ్లను తడుముతూ కాయ చుట్టూ ఒకసారి తిప్పి చూస్తే లోపలి తొనల పటం చేతికి తెలుస్తుంది. పిడికిలంత పిందెలో ఇది తెలియదు. గుండ్రటి మరచెంబంత అయ్యాక బాగా తెలుస్తుంది.

తీయాల్సినవి, ఉంచాల్సినవి

పనస పూతకొమ్మ, అంటే మాను నుంచి పుట్టుకొచ్చే పొట్టి రెమ్మ, ఒక్కోసారి రెండు, మూడు, అంతకంటే ఎక్కువ పిందెలు పట్టుకుని నిలుస్తుంది. వీటన్నిటికీ తిండి వచ్చే దారి ఆ రెమ్మ ఒక్కటే. అందుకే ఫిలిప్పీన్స్, మలేసియా వంటి చోట్ల పనసను తోటగా పెంచేవాళ్లు రెమ్మకు ఒక్క కాయ ఉంచి, దానికి సంచి తొడుగుతారు. ఉంచే ఆ ఒక్కటి ఏదన్నప్పుడు తొడిమ లావు మొదటి సాక్ష్యం. ఒకే వయసు పిందెలు రెండింటిలో తొడిమ లావుగా, పచ్చగా, తిన్నగా ఉన్నది ఉండాలి. సన్నగా మెలి తిరిగినది, గీరుకుపోయినది, బంక కారుతున్నది పోవాలి.

రెండోది స్పర్శ. పక్కపక్కన పెరిగే రెండు కాయలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటు పనస కాయతొలుచు పురుగుకు ఇష్టమైన ఇల్లు. గాలి తగలదు, మందు చేరదు, పక్షి కన్ను పడదు. రెండు కాయల సందున చెక్కపొట్టు లాంటి రెట్ట గుత్తులుగా వేలాడుతుంటే పురుగు లోపల ఉన్నట్టే. ఇంకో నెలకు తాకుతాయనిపించే జంటలో ఒకటి ఇప్పుడే పోవాలి. ఇందులో జాలి పనికిరాదు; రెండూ బాగున్నాయని ఉంచితే రెండూ తొలిచిన కాయలవుతాయి.

మూడోది చోటు. మాను మీద, మానుకు దగ్గరగా లావు కొమ్మ మీద పట్టినది ఉంటుంది. మణికట్టంత కొమ్మ చివరలో పట్టినది ఎంత బాగున్నా తీసేయడమే మేలు. ఉద్దానంలో వేసవి గాలులు సముద్రం మీద నుంచి తిన్నగా వస్తాయి. పదిహేను కిలోల కాయ ఆ కొమ్మకు ఊగే గుండులా మారుతుంది. నేలను తాకే వేరు పనస రుచికి పేరున్నదే గానీ, దానికి కుళ్లు పట్టకుండా కింద ఎండు కొబ్బరాకో చెక్కముక్కో పరవాలి. జీడితోటలకూ పనసకూ అలవాటు పడ్డ ఎలుగుబంట్లు తిరిగే ఊళ్లలో కింది కాయ ఎవరిదన్నది ముందే చెప్పలేం. ఎలుగు ఎంపికలో తొడిమ లావు లెక్కలోకి రాదు, వాసన ఒక్కటే కొలత.

పరిమాణం నాలుగో స్థానంలో వస్తుంది. చాలామంది దానితోనే మొదలుపెడతారు. పెద్ద పిందె పెద్దది కావడానికి కారణం అది పది రోజులు ముందు పుట్టడమే కావచ్చు. దీన్ని తేల్చడానికి గుమ్మడి పద్ధతే సులువు. కొబ్బరి పీచు తాడు ముక్క తీసుకుని, పిందె నడుం చుట్టూ వేసి, కొసలు కలిసే చోట ముడి వేయాలి. వారం తరువాత అదే తాడు అదే చోట వేసి, ఎంత జరిగిందో చూసి రెండో ముడి. రెండు పిందెలకు రెండు తాళ్లు. ముడుల మధ్య ఎడం ఏ తాడుకు ఎక్కువుంటే ఆ పిందె ఉంటుంది. చుట్టుకొలతలో తేడా చిన్నదిగానే కనబడుతుంది గానీ బరువు దాని ఘనంతో పెరుగుతుంది. ఒకే ఆకారంలో ఉన్న రెండు కాయల్లో ఒకటి 50 సెంటీమీటర్లు, ఇంకొకటి 55 ఉంటే, పదో వంతు తేడా అనుకుంటాం. బరువులో అది మూడో వంతు తేడా.

ఒక్కో చెట్టుకు ఎన్ని ఉంచాలన్నదానికి అందరికీ సరిపోయే సంఖ్య లేదు. చెట్టు వయసు, మాను చుట్టుకొలత, ఆకు దట్టం, వేసవిలో అందే నీరు కలిపి చూడాలి. కవిటి వైపు ఇసుక నేలలు నీటిని నిలపవు. మార్చి, ఏప్రిల్‌లలో పది రోజులు తడి తగ్గితే చెట్టే రాల్చడం మొదలుపెడుతుంది. నీటి వసతి లేని చెట్టుకు తక్కువ కాయలు వదలడం చెట్టుకు చేసే సాయం. కొత్తగా కాపుకొచ్చిన చెట్టు సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ తరువాత పిక్క వేసి పెంచిన పనసలు ఏడెనిమిదేళ్లకు తొలి కాపుకు వస్తాయి. అంటుమొక్కలు ఇంకా ముందే వచ్చేస్తాయి. తొలి కాపు మీద ఇంటిల్లిపాదికీ మమకారమే. అయినా మొదటి ఏడు పిందెల్లో ఒకటి రెండు మాను మీదివి ఉంచి, తక్కినవి తీసేయడమే సరి. ఆ వయసులో ఆకు చేసే తిండి వేరుకూ మానుకూ పోవాలి. వేరు లోతుగా దిగని చెట్టు ఇంకో తుపానుకు నిలవదు.

ఎప్పుడు

మరీ ముందు తీస్తే రెండు నష్టాలు. పుప్పొడి అందని పిందెలు ఎలాగూ వాటంతట అవే రాలతాయి. ఆ రాలుడు పూర్తికాక ముందే ఎంచి ఉంచుకున్నది రేపు రాలిపోయి, తీసేసినది ఉండదగ్గదని తేలవచ్చు. ముళ్ల ఎడం, కాయ ఆకారం కూడా అప్పటికి బయటపడవు. మరీ ఆలస్యం చేస్తే తిండి దండగ. మొదటి వారాల్లో కణాలు విడిపోయి సంఖ్య పెరుగుతుంది, తరువాత అవే కణాలు ఉబ్బుతాయి. కండకు ఎన్ని కణాలుండాలో తేలిపోయాక పక్క కాయను తీసినా, ఉన్న కణాలు కొంచెం ఉబ్బడం తప్ప పెద్ద లాభం రాదు. ఈ రెంటి మధ్య, రాలుడు సద్దుమణిగాక, పిందె కట్టిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లోపు సరైన వేళ.

ఈ వేళ ఒక వంటకం వేళతో కలవడం పనస రైతు అదృష్టం. నెల, నెలన్నర, రెండు నెలల వయసులో కిలో నుంచి మూడు కిలోల బరువున్న లేతకాయ అంటే పనసపొట్టు కూర. లోపల పిక్క ఇంకా గట్టిపడదు, తొన తొక్క విడివడదు, కాయ మొత్తాన్ని చెక్కు తీసి కత్తితో సన్నగా కొట్టవచ్చు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో ఆవ పెట్టి చేసే ఈ కూర లేకుండా పెళ్లి భోజనం పూర్తికాదు. ఇచ్ఛాపురం దాటగానే ఒడిశాలో అదే లేతకాయ పణస కఠా; బెంగాల్‌లో ఎంచోర్. అందుకే కవిటి చుట్టుపక్కల నుంచి లేత పనస ఆ రెండు రాష్ట్రాలకూ లారీల మీద పోతుంది. ఆపిల్ తోటలో తీసేసిన పిందె చెట్టు కింద కుళ్లుతుంది. గుమ్మడి పోటీదారు కోసేసిన పిందె ఎరువు కుప్పలోకి పోతుంది. ఉద్దానంలో తీసేసిన పిందెకు బేరం ఉంది. పలచన చేయడం ఇక్కడ నష్టం భరించి చేసే పని కాదు, అదే మొదటి కోత.

అందులో ఒక ఉచ్చు కూడా ఉంది. కూరకు కొనేవాడికి కావాల్సింది గుండ్రంగా, నున్నగా, ఏ వంకా లేని లేతకాయ. అంటే పండుకు ఉంచాల్సినదాని మీదే అతని కన్ను పడుతుంది. చెట్టు మొత్తాన్ని గుత్తకిచ్చేసిన చోట, తోటలోకి దిగిన మనిషి చేతికందే ఎత్తులో మాను మీది మంచి కాయలన్నీ కోసి, కొమ్మ చివరల్లోని వంకర కాయలను వదిలేసే ప్రమాదం ఉంటుంది. అది ఎంపికే గానీ తలకిందుల ఎంపిక. దీనికి మందు చిన్నది: బేరానికి ముందే ఉంచాల్సిన కాయల తొడిమలకు రంగు గుడ్డపీలిక కట్టేయడం. పీలిక ఉన్నది ముట్టుకోకూడదన్న షరతుతో తక్కినవి అమ్మడం. నొక్కుకుపోయిన కాయ పండుగా పనికిరాకపోయినా పొట్టుగా కొట్టేస్తే ఏ తేడా ఉండదు. తొనలు లేకపోవడం కూరకు లోపం కాదు. వంకర కాయకు సరైన చోటు లేతకాయల బస్తాలోనే.

బేరం కూడా ఎంపికను మారుస్తుంది. కాయ లెక్కన అమ్మే చోట మరీ పెద్ద కాయ పెంచినవాడికి ఒరిగేది తక్కువ. అయిదారు కిలోల కాయలు ఎక్కువగా ఉంటేనే మేలు. తూకం లెక్కన అయితే పెద్దదానికీ ధర దక్కుతుంది, కానీ ముప్పై కిలోల కాయను చెట్టు మీద నుంచి తాడు కట్టి దింపడానికి ఇద్దరు కావాలి, నలుగురున్న ఇంటికి దాన్ని కొనేవాళ్లు ఉండరు. తొనలు తీసి అమ్మేవాళ్లకు మళ్లీ పెద్ద కాయే లాభం, ఎందుకంటే బొండూ తొక్కా లెక్కలో తగ్గుతాయి. గట్టి తొన చెట్టయితే ఎక్కువ కాయలను పండుకు వదలవచ్చు, ఎందుకంటే అది రవాణాకు ఓర్చుకుంటుంది. మెత్తని తొన చెట్టు కాయల్లో ఎక్కువ భాగాన్ని లేతగానే కోసి, ఇంటికి సరిపడా నాలుగైదు పండ్లకు ఉంచడం తెలివైన పని. చెట్టు ఏ రకమో పాతకాపు చెట్టుకైతే ఇంట్లో అందరికీ తెలుసు. పిక్క నుంచి పుట్టిన కొత్త చెట్టు తల్లిని పోలుతుందన్న హామీ లేదు, తొలి పండు కోసి చూడాల్సిందే. తొలి కాపులో ఒక్క కాయనైనా పండనివ్వడానికి ఇదో కారణం.

తీసే పద్ధతిలో ఒకటే జాగ్రత్త ఉంది. పిందెను మెలితిప్పి పీకకూడదు. పీకితే పూతకొమ్మ బెరడు మాను దాకా చీలిపోతుంది, ఆ గాయం నుంచి బంక కారుతుంది, కుళ్లు చొరబడుతుంది. చేతులకూ కత్తికీ నూనె రాసుకుని, తొడిమను పిందెకు దగ్గరగా ఒక్క వేటుతో కోయాలి. పాలు కారిపోయేదాకా కాయను తొడిమ కిందికి ఉండేలా ఇసుక మీద వాల్చి ఉంచితే కాయ మీద మరక పడదు. పనస ఏటా దాదాపు అవే చోట్ల నుంచి, పాత పూతకొమ్మల మొదళ్ల నుంచే మళ్లీ పూస్తుంది. అందుకే పండ్ల కోత అయిపోయి, తొలకరి పడ్డాక, ఎండిన తొడిమ మోళ్లనూ బలహీనమైన రెమ్మలనూ మానుకు గాయం కాకుండా కత్తిరిస్తారు. మొదలు చెడకుండా కోసిన చోటే మళ్లీ చలికాలంలో ఆకు తొడుగు చీల్చుకుని కొత్త కంకి బయటికి వస్తుంది.